నా తొడ ఎముక మీద పంచాయతీ

మా అత్తగారింట్లో ఎముకలకు ఒకటే మందు, సున్నపు తేట.

మా ఊరు కమలాపురానికి దగ్గర. చుట్టూ నాపరాతి గనులు, సున్నపు బట్టీలు. మగవాళ్లు గనుల్లో బండలు తీసేవాళ్లు, ఆడవాళ్లం బట్టీల దగ్గర రాయి మోసేవాళ్లం. మా వదిన, అంటే నా భర్తకు అక్క, మొగుడు పోయాక పుట్టింటికి తిరిగి వచ్చి మాతోనే ఉండేది. ఆకువక్కల్లోకి సున్నం తయారుచేసి సంతలో అమ్మేది. కాల్చిన రాయిని కుండలో వేసి నీళ్లు పోస్తే బుసలు కొడుతూ పొంగేది. పొంగు చల్లారి సున్నం అడుగుకు దిగాక పైన నిలిచే నీళ్లే తేట. బాలింతకు, నడక రాని పిల్లకు, జారిపడిన ముసలాయనకు మా వదిన ఆ తేటను మజ్జిగలో కలిపి ఇచ్చేది. ఊళ్లో ఎవరి ఎముక నొచ్చినా మా గడప దగ్గరికే వచ్చేవాళ్లు.

"నా తేట తాగినోళ్ల ఎముక ఇరిగిందని ఎవురన్నా చెప్పినారా?" అని ఆమె అడిగేది. ఎవరూ చెప్పలేదు. చెప్పే ధైర్యం కూడా ఎవరికీ లేదు.

నాకు రొమ్ములో గడ్డ వచ్చినప్పుడు మాత్రం తేట పనికిరాదని ఆమే ఒప్పుకుంది. కర్నూలు పెద్దాసుపత్రిలో రొమ్ము తీసేశారు, మందులెక్కించారు, రేడియేషన్ అనే కరెంటు పెట్టారు. మాకు తెలిసినంతలో అప్పట్లో ఆ కరెంటు మిషను మా వైపు వాళ్లకు కర్నూలులోనే. ఊడిన జుట్టు మళ్లీ వచ్చింది. ఆ పక్క చేత్తో బరువు ఎత్తకూడదు అన్నారు కాబట్టి కొన్నాళ్లు బట్టీకి పోలేదు. ఆ ఖాళీలోనే, సాయంత్రాలు చర్చి వరండాలో ఆడవాళ్లకు చదువు చెబుతుంటే పోయి కూర్చున్నాను. నలభై దాటాక అక్షరాలు పట్టుబడ్డాయి. "గడ్డ పోయి బుద్ధి వచ్చింది" అని మా వదిన ఎగతాళి చేసింది. నేనూ నవ్వాను. తర్వాత మళ్లీ బట్టీకి పోయాను, ఒక చేత్తో మోయగలిగినంత మోశాను.

కొన్నేళ్లు బాగానే గడిచాయి. తెల్ల కార్డు మీద పెద్ద జబ్బులకు వైద్యం చేస్తారట అని ఊళ్లో అప్పుడప్పుడే చెప్పుకుంటున్న రోజుల్లో నా ఎడమ తొడలో నొప్పి మొదలైంది. మోత పని చేసేవాళ్లకు నొప్పి కొత్త కాదు. కానీ మోతవల్ల వచ్చే నొప్పి పడుకుంటే తగ్గుతుంది. ఇది పడుకుంటే పెరిగేది. లోపల ఎవరో కూర్చుని ఉలితో గీస్తున్నట్టు ఉండేది.

మా వదిన తొడ మీద వేళ్లతో తట్టి చూసి తీర్పు చెప్పింది.

"ఎముక గుల్లబారింది. రాయి మోసి మోసి నీ ఒంట్లో సున్నం అయిపోయింది. తేట తాగు, అదే నిండుతాది."

తాగాను. పొద్దున మజ్జిగలో, సాయంత్రం ఉత్త నీళ్లలో. నొప్పి తగ్గకపోతే ఇంకాస్త కలిపి ఇచ్చేది. ఆమె అంత ప్రేమగా చూసుకున్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు, అది కూడా చెప్పాలి. నా చీరలు ఆమే ఉతికింది. నాకు కూర్చునేదానికి ఎండ తగలని చోటు ఆమే చూసి పెట్టింది.

అయితే నాకు దప్పిక పట్టుకుంది. ఎంత తాగినా నోరు ఎండిపోయేది. తిన్నది కక్కుకునేదాన్ని. కడుపు రాయి అయిపోయింది. తర్వాత మనసు మబ్బు పట్టింది. ఒక మధ్యాహ్నం పక్కింట్లోకి పోయి, పొయ్యి ఈ మూలకు ఎందుకు మార్చారని ఆ ఇంటి కోడలితో పోట్లాడానట. నాకు జ్ఞాపకం లేదు. ఆ పిల్ల భయపడి నా భర్తను గని దగ్గరినుంచి పిలిపించింది. ఎవరో గాలి సోకిందన్నారు. ఎవరో పాస్టరు గారిని పిలవమన్నారు. నా భర్త ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆయన నన్ను జీపులో ఎక్కించి, ప్రొద్దుటూరు మీదుగా కర్నూలు తీసుకుపోయాడు.

ఆసుపత్రిలో సెలైన్ మీద సెలైన్ ఎక్కించారు. కొద్దిరోజులకు మబ్బు విడిపోయింది. కళ్లు తెరిస్తే ఫ్యాను తిరుగుతోంది, మంచం కాళ్ల దగ్గర నా భర్త నిలబడి ఉన్నాడు, పడుచు డాక్టరమ్మ ఒకామె ఆయనతో మెల్లగా ఏదో చెబుతోంది. ఆయన తల ఊపుతున్నాడు. ఆయనకు అర్థం కానప్పుడే అట్లా ఊపుతాడని నాకు తెలుసు.

"డాక్టరమ్మా," అన్నాను. "ఎముక ఎవురిది?"

ఆమె తిరిగి చూసింది. "లేచినావా?"

"లేచినాను. ఎముక నాది. ఆయనకేం తెలుసు, ఆయన తొడ బాగానే ఉండాది. నాకు చెప్పు."

ఆమె మొహంలో కోపం వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. మంచం అంచున కూర్చుంది. ఆమెది నందికొట్కూరట. మాట మనదే.

"నీ రొమ్ములోని జబ్బు కణాలు కొన్ని ఎప్పుడో రక్తంలో కలిసి ఎముకలోకి పోయినాయమ్మా. ఇన్నేండ్లు గమ్మునుండి ఇప్పుడు లేచినాయి."

"లేచి ఎముకను తింటాండాయా?"

"అవి తినవు. తినిపిస్తాయి." తన ముంజేతి ఎముకను తట్టి చూపించింది. "ఎముక ఉత్త రాయి కాదు. పాత ఎముకను తొలిచే కణాలుంటాయి, ఆ గుంటను కొత్త ఎముకతో పూడ్చే కణాలుంటాయి. వాళ్లు తీస్తాంటే వీళ్లు పూడుస్తాంటారు. బతికినన్నాళ్లూ ఆ పని జరుగుతానే ఉంటాది."

"కూలోళ్లు."

"కూలోళ్లే అనుకో. కణాలు ఒకదానికొకటి పని చెప్పుకునేదానికి కొన్ని పదార్థాలు వదులుతాయి. వాటిని సైటోకైన్లంటారు. కబురు మాదిరి. ముల్లు గుచ్చుకుంటే కాలు వాచేది, జ్వరం వచ్చేది, అంతా ఆ కబుర్లతోనే. అందరి ఒంట్లో ఉంటాయి, మంచికే ఉంటాయి. జబ్బు కణాలు ఎముకలోకి పోయి ఆ కబుర్లనే వాడుకుంటాండాయి. తొలిచేవాళ్లకు 'తవ్వండి, ఇంకా తవ్వండి' అని పంపిస్తానే ఉంటాయి. పూడ్చేవాళ్ల పని సాగనీయవు."

"మా గనిలో మేస్త్రీ మాదిరి," అన్నాను. "గడ్డపార పట్టడు. గట్టు మీద నిలబడుకోని అరుస్తాడు."

నా భర్త మొదటిసారి నవ్వాడు. డాక్టరమ్మా నవ్వింది.

"ఇంకోటి ఉండాది. ఎముకలో బలమిచ్చే పదార్థాలు దాచిపెట్టి ఉంటాయి. తొలిస్తే అవి బయటపడతాయి. వాటితో జబ్బు కణాలు ఇంకా పెరుగుతాయి. పెరిగి ఇంకా కబుర్లు పంపుతాయి."

"తవ్వే కొద్దీ మేస్త్రీ బలిసిపోతాడు."

"అంతే. కరిగిన ఎముకలోని కాల్షియం, అంటే ఆ సున్నమే, రక్తంలో ఎక్కువైపోయింది. నీ దప్పిక, వాంతులు, ఆ మతి తప్పడం అంతా దానివల్లే."

ఆమె వెళ్లిపోయాక నేను చాలాసేపు ఫ్యాను వైపు చూస్తూ పడుకున్నాను. భయం వేసిందని చెబితే అబద్ధం. ఒళ్లు మండింది. ఎక్కడినుంచో వచ్చినవాడు నా ఇంట్లో దూరి, నా కూలీలతోనే నా గోడలు కూల్పించి, ఆ మట్టి తిని బలుస్తాడా? మా చర్చిలో ఒకామె నా జబ్బు నా నోటి దురుసుకు దేవుడు వేసిన శిక్ష అని ఇదివరకే చెప్పి ఉంది. ఆమెకు చెప్పాలనిపించింది, అమ్మా, దేవుడు కబురు పంపలేదు, పంపినవాళ్లు వేరే ఉన్నారు, ఆ కబుర్ల పేరు కూడా నాకు ఇప్పుడు తెలుసు.

మరునాడు డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిలిం తెచ్చి కిటికీ వెలుతురుకు పట్టింది. తొడ ఎముక పైభాగాన ఒక పక్క చెదలు కొట్టినట్టు మచ్చలు.

"ఇక్కడ పెంకు మాదిరి మిగిలింది. నువ్వు లేచి బరువు మోపితే ఇరగొచ్చు. ఇరిగితే మంచాన పడతావు, అతికేది కష్టం. ఇరగకముందే లోపల కడ్డీ వేస్తే నడుస్తావు. తర్వాత నెలకొకసారి సెలైన్‌లో మందు ఎక్కిస్తాం. ఆ మందు తొలిచే కణాలను నిలిపేస్తాది. నొప్పి ఉన్నచోట కరెంటు పెడతాం."

"దీంతో జబ్బు పోతాదా?"

ఆమె నా కళ్లలోకి చూసింది. "పోదు. అబద్ధం చెప్పను. అదుపులో పెట్టేదానికి చూస్తాం. కడ్డీ నిన్ను నడిపిస్తాది, అంతే."

"నడిపిస్తే చాలు. ఎప్పుడు వేస్తావు?"

"మీ ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోండి."

ఇంట్లోవాళ్లంటే మా వదిన. ఆమె ఆ మధ్యాహ్నమే బస్సు దిగి వచ్చింది. చంకలో సద్దిమూట, చేతిసంచిలో తువ్వాలు చుట్టిన సీసా.

"ఏమ్మే, మొగానికి కళ వచ్చింది," అంటూ నా నుదురు నిమిరింది. తర్వాత సీసా బయటికి తీసింది. "ఈడ ఉప్పునీళ్లు ఎక్కిస్తాండారంట గదా. దానికి ఎముక నిండుతాదా? దా, ఇది తాగు."

"వద్దు వదినా."

"ఏంటికి?"

"నా రక్తంలో సున్నం ఎక్కువైపోయిందంట. అది తగ్గించేదానికే ఈ నీళ్లు."

"ఎవురు చెప్పినారు?"

"డాక్టరమ్మ."

"ఆయమ్మకు ఎన్నేండ్లుంటాయి? నా సున్నం కుండకంటే చిన్నది!" వార్డులో నలుగురు తిరిగి చూశారు. "ఎముక గుల్లబారిందని వాళ్లే చెప్తారు. సున్నం వద్దని వాళ్లే చెప్తారు. గోడ పెచ్చులూడితే సున్నం పూస్తారా, గీకేస్తారా?"

ఆమె ప్రశ్నలో తప్పు లేదు. గోడ అయితే ఆమె చెప్పిందే సరి. అంతకుముందు రోజు వరకు నేనూ అట్లాగే అనుకున్నాను.

"పూసేవాళ్లను జబ్బు పని చేయనీకుండా చేస్తాండాది వదినా. నువ్వు ఎంత సున్నం తెచ్చిపోసినా గోడకు ఎక్కదు. వీధిలో పారతాది. ఆ పారేదే నాకు మతి తప్పించింది."

అప్పుడే డాక్టరమ్మ వచ్చింది. సీసా చూసి, మూత తీసి, వాసన చూసింది. "ఇది తాగుతాండావా ఇన్నాళ్లూ?"

మా వదిన నిటారుగా నిలబడింది. "నేనే తాపినా. ఏం, ఇసం పెట్టినానా?"

"లేదమ్మా. దీనివల్ల జబ్బు రాలేదు. సున్నం ఎక్కువైంది ముఖ్యంగా ఎముక కరిగినందుకు. అయితే ఉన్నదాని మీద ఇంకా పోయొద్దు. దీన్ని తీసుకోనిపో."

కోప్పడి ఉంటే మా వదిన నిలబడి పోట్లాడేది. ఆ పిల్ల అంత మెత్తగా చెప్పేసరికి ఏం చేయాలో తెలియక, సీసా తువ్వాల్లో చుట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. అన్నం తినమంటే తినలేదు. నేనూ బతిమాలలేదు. ఆమె బాధను మోసేదానికి నాకు అప్పుడు చేతులు ఖాళీ లేవు.

సాయంత్రం పంచాయతీ మొదలైంది. నా మంచం చుట్టూనే, నా కాలు గురించే, నేను లేనట్టు.

"ఇంటికి తీసకపోదాం," అంది మా వదిన తమ్ముడితో. "కత్తి తగిలితే పాకుతాది. ఒకసారి కోసినారు, రొమ్ములో ఉండేది తొడలోకి వచ్చింది. మళ్లీ కోస్తే యాడికి పోతాదో. ఇంటికాడ పండుకోబెడదాం, నేను చూసుకుంటా. అన్నీ మంచం మీదే చేస్తా, ఒక్క మాట అనను."

ఆమె ఆ మాట నిలబెట్టుకుని ఉండేది. అందుకే నాకు అంత భయం వేసింది. ఒక మూల మంచం, మీద నేను, చుట్టూ ప్రేమ. అందులోనుంచి మళ్లీ లేవడం ఉండదు.

నా భర్త నేల చూస్తున్నాడు. "అక్క చెప్పేది గూడా..." అన్నాడు.

"గమ్మునుండప్పా నువ్వు," అన్నాను. ఆయనను ఊళ్లో అయితే అట్లా అనేదాన్ని కాదు. "వదినా, కోసినందుకు రాలేదు. కోయకముందే గింజలు పడిపోయినాయి, ఇప్పుడు మొలిచినాయి."

"ఆయమ్మ చెప్పిందా?"

"చెప్పింది. నాకు సరిగ్గా ఉందనిపించింది."

"కడ్డీ వేస్తే జబ్బు పోతాదని రాసిస్తాదా?"

"పోదనే చెప్పింది."

"ఇంకేంటికే మరి!" చేతులు చాచి వార్డంతటినీ సాక్ష్యానికి పిలిచింది. "పోనిదానికి కోయించుకునేది ఎవురన్నా ఉంటారా? తిక్క పట్టిందా నీకు?"

జవాబు ఆమెకు చెప్పి లాభం లేదని నాకు తెలిసింది. నా భర్త వైపు తిరిగాను. ఎక్స్‌రే ఫిలిం తలగడ కింద ఉంది. తీసి ఆయన చేతికిచ్చాను.

"చూడు. ఇది ఎముక అనుకోవద్దు. మీ గని గట్టు అనుకో. కింద ఈ పక్కంతా తొలిచినారు. పైన అంతా బరువు. ఏం చేస్తారు మీరు?"

ఆయన ఫిలింను లైటుకు పట్టి అటూ ఇటూ తిప్పాడు. గనిలో కింద తొలిచిన గట్టు కిందికి ఎవరూ ఊరికే పోరు. ముందు ఆనిక పెట్టాలి, కట్టెలో బండలో ఏదో ఒకటి నిలబెట్టాలి. ఆనిక లేకుండా దిగినవాళ్లను పైకి తెచ్చిన రోజు మా ఊళ్లో ఒకటి ఉంది. ఆ రోజు పైకి మోసినవాళ్లలో ఆయనా ఒకడు.

"ఆనిక పెడతాము," అన్నాడు.

"గట్టు పడినాకనా, పడకముందా?"

ఆయన ఫిలింను జాగ్రత్తగా కవర్లో పెట్టి లేచాడు.

"యాడికిరా?" అంది మా వదిన.

"డాక్టరమ్మ కాడికి. వేయమని చెప్పొస్తా."

"నేనూ చెప్పాల," అన్నాను. "కాలు నాది. ఆయమ్మను ఈడికి పిలుచుకోనిరా."

మా వదిన లేచి చేతిసంచి భుజానికి వేసుకుంది. "మీ ఇద్దరికీ చదువు ఎక్కువైంది," అని, తినని సద్దిమూట నా మంచం మీద పెట్టి, ఆ సాయంత్రం బస్సుకే ఊరికి పోయింది. నా భర్త సంతకం పెట్టడం రానివాడు. అయినా ఆ మాట ఇద్దరికీ కలిపే అంది.

ఆపరేషన్ జరిగింది. దాని గురించి గొప్పగా చెప్పేది ఏమీ లేదు. నొప్పి ఉంది, ఒంట్లో ఉడుకు ఉంది, తొడ పక్కన కుట్లు ఉన్నాయి. రెండో పూట నన్ను లేపి నిలబెట్టినప్పుడు, పాదం నేల మీద పెట్టేముందు వార్డంతా ఊపిరి బిగపట్టిందని నాకనిపించింది. నిజానికి ఎవరూ చూడలేదు. పెట్టాను. ఎముక నన్ను మోసింది.

కరెంటు పెట్టడం అయ్యాక ఊరికి తెచ్చారు. చేతికర్ర ఇచ్చి, బరువులు ఎత్తవద్దు, జారే చోట నడవవద్దు, నెలకొకసారి మందుకు రావాలి అన్నారు. మా వదిన గుమ్మంలో నిలబడి చూసింది. పలకరించలేదు. కానీ నేను పడుకునే చోట చాప మీద మెత్తటి బొంత పరిచి ఉంది.

మరునాటినుంచి పలకరించేవాళ్లు రావడం మొదలుపెట్టారు. మా వైపు పెద్ద జబ్బు మనిషిని చూడడానికి వచ్చేవాళ్లు చుట్టూ కూర్చుని, జబ్బు మనిషితో కాక వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటారు. ఆ రోజు వీధిలోని ఆడవాళ్లు నలుగురైదుగురు వచ్చారు. నన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టి, ముందు కాసేపు నిట్టూర్చారు.

"ఎట్లుండే మనిషి ఎట్లయిపోయింది."

"ఎముకలోకి పోయినాక ఇంక ఏముంటాదిలే."

"లోపల ఇనుము పెట్టినారంట. పోయేటప్పుడు అదేం చేస్తారో."

"పాపం, మొగునికి ఇంకా వయసుండాది."

"ఆయనకు పిల్లను చూసినారా?" అన్నాను. "యా ఊరు? నాకు గూడా చెప్పండి, నచ్చాల గదా."

ఒకామె నాలుక కరుచుకుంది. ఇంకొకామె చీర చెంగుతో నోరు మూసుకుని నవ్వింది. అయినా ఆగలేదు. దేవుని చిత్తం అన్నారు, చివరికి ఎవరైనా మట్టే అన్నారు, ప్రార్థన చేసుకుని కళ్లు మూసుకో అన్నారు.

నాకు తెలుసు, ఆ జబ్బు లోపలే ఉంది. మందు ఎక్కిస్తున్నంతకాలం తొలిచేవాళ్లు నెమ్మదిగా ఉంటారు, ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ కబురు అందుకోవచ్చు. డాక్టరమ్మ అది కూడా దాచలేదు. కానీ అది నాకూ ఆ జబ్బుకూ మధ్య విషయం. వీధిలోని ఆడవాళ్లు కూర్చుని తేల్చేది కాదు. నా శవానికి వాళ్లు స్నానం కూడా చేయించేటట్టు ఉన్నారు, నేనింకా ఆ పొద్దున తలకు కూడా పోసుకోలేదు.

చేతికర్ర గోడకు ఆనించి ఉంది. అందుకుని, మొదట కుడి కాలు మోపి, గోడ పట్టుకుని లేచాను.

"యాడికి పోతాండావే?" అంది మా వదిన. ఊరికి వచ్చినప్పటినుంచి నాతో ఆమె మాట్లాడిన మొదటి మాట.

"దొడ్లోకి. నా చావు సంగతి మీరు మాట్లాడుకోండి, నేను తలకు పోసుకోనొస్తా."

"చేయి పట్టుకుంటాలే," అని ఒకామె లేవబోయింది.

"కూసో!" మా వదిన గొంతు గదంతా నిండింది. "నడుస్తాండాది, కనపళ్లేదా? కండ్లు యాడ పెట్టుకున్నారు మీరంతా?"

నేను వెనక్కి తిరిగి చూడలేదు. వెనక గుమ్మం దగ్గర ఎత్తయిన మెట్టు ఉంది. కర్ర ముందు దించాలి, తర్వాత ఎడమ కాలు, తర్వాత మంచి కాలు.